ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 3లో ఇంజిన్ ఐడీ: యూజర్ల కంటే ముందు పెట్టాల్సింది

నెట్‌వర్క్ పరికరాల వివరాలను దూరం నుంచి అడిగి తెలుసుకునే పద్ధతి ఎస్ఎన్ఎంపీ. దాని వెర్షన్ 3 పెట్టేటప్పుడు అందరి ధ్యాసా యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ మీదే ఉంటుంది. ఇంజిన్ ఐడీ (ఒక్కో పరికరంలోని ఎస్ఎన్ఎంపీకి ఉండే గుర్తింపు) అన్న మాట కళ్లబడినా, అది పరికరం తనంతట తానే పెట్టుకుంటుందిలే అని దాటేస్తారు. పెట్టుకునే మాట నిజమే. కానీ ఏడాదో రెండేళ్లో గడిచాక ఒక రౌటర్ పాడై కొత్తది వస్తుంది, లేదా ఒక సర్వర్‌ను కాపీ తీసి ఇంకో పది లేపుతారు. అప్పటి నుంచి పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నా పరికరం పలకదు. ఎక్కడ వెతకాలో తెలియదు. ఇంజిన్ ఐడీని మొదటి రోజే మీరే ఆలోచించి పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు. అదెలాగో ఇక్కడ వరుసగా చెబుతాను.

ఒక మాట ముందే. ఆదేశాలన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

పాస్‌వర్డ్‌లో ఇంజిన్ ఐడీ ఎలా కలిసిపోతుంది

ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

మీరు ఇచ్చిన పాస్‌వర్డ్‌ను పరికరం ఉన్నది ఉన్నట్టు దాచుకోదు. 2002లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3414 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) చెప్పిన పద్ధతి ఇది: పాస్‌వర్డ్‌ను మళ్లీ మళ్లీ పక్కపక్కన పేర్చి 10,48,576 బైట్ల పొడవు చేస్తారు. దానికి హ్యాష్ (వెనక్కి తిప్పలేని లెక్క) తీస్తే ఒక కీ వస్తుంది. ఆ కీని రెండుసార్లు రాసి, ఆ రెండింటి నడుమ ఇంజిన్ ఐడీని పెట్టి, మొత్తానికి మళ్లీ హ్యాష్ తీస్తారు. చివరికి వచ్చినదే ఆ పరికరానికి మాత్రమే చెందిన కీ. పరికరంలో మిగిలేది ఇదొక్కటే. పాస్‌వర్డ్ అక్కడ ఉండదు.

దీనివల్ల ఒక పెద్ద మేలుంది. రెండు వందల స్విచ్‌లకు ఒకే పాస్‌వర్డ్ ఇచ్చినా, ఒక్కోదాని లోపల ఉన్న కీ వేరు. ఎవరైనా ఒక స్విచ్ ఎత్తుకుపోయి అందులోంచి కీ బయటకు లాగినా, మిగతా 199 స్విచ్‌ల దగ్గర అది పనికిరాదు.

ఇందులోంచే రెండు షరతులు పుడతాయి. మొదటిది, రెండు పరికరాలకు ఒకే ఇంజిన్ ఐడీ ఉంటే, పాస్‌వర్డ్ కూడా ఒకటే అయితే, కీ కూడా ఒకటే. అంటే పై రక్షణ పోయినట్టే. రెండోది, యూజర్లను పెట్టాక ఇంజిన్ ఐడీ మారిస్తే లోపల దాచిన కీలన్నీ చెల్లని నాణేలవుతాయి. పాస్‌వర్డ్ తన దగ్గర లేదు కాబట్టి పరికరం వాటిని మళ్లీ లెక్కగట్టుకోనూ లేదు. అందుకే ఇంజిన్ ఐడీ ముందు, యూజర్లు తర్వాత. ఈ వరుస తప్పకూడదు.

ఐడీలో ఏముంటుంది

ఆర్ఎఫ్‌సీ 3411 ప్రకారం ఇంజిన్ ఐడీ 5 నుంచి 32 బైట్ల పొడవు ఉండాలి. అన్నీ సున్నాలు కాకూడదు, అన్నీ ఎఫ్‌లూ కాకూడదు.

మొదటి నాలుగు బైట్లు తయారీదారు సంఖ్య. ఇంటర్నెట్ నంబర్లు పంచే ఐయానా ఒక్కో సంస్థకు ఒక నంబరు ఇస్తుంది: సిస్కోకి 9, జునిపర్‌కి 2636, లినక్స్‌లో వాడే నెట్-ఎస్ఎన్ఎంపీకి 8072. ఆ నంబరును హెక్స్‌లో (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ వాడే అంకెల పద్ధతి) రాసి, మొట్టమొదటి బిట్‌ను 1 చేస్తారు. అందుకే ఈ పద్ధతిలో కట్టిన ఐడీలు మామూలుగా 80తోనే మొదలవుతాయి. సిస్కో అయితే 80 00 00 09. నెట్-ఎస్ఎన్ఎంపీ అయితే 80 00 1ఎఫ్ 88.

అయిదో బైట్, ఆ తర్వాత వచ్చేది ఏ రకమో చెబుతుంది. 01 అంటే ఐపీవీ4 అడ్రస్, 02 అంటే ఐపీవీ6, 03 అంటే మ్యాక్ అడ్రస్ (హార్డ్‌వేర్‌తో వచ్చే అడ్రస్), 04 అంటే మనం ఇచ్చిన అక్షరాలు, 05 అంటే మనం ఇచ్చిన బైట్లు. 04, 05లలో గరిష్ఠంగా 27 బైట్లు పడతాయి. 80 హెక్స్ నుంచి పైన ఉన్నవి తయారీదారు సొంత పద్ధతులు.

మొదటి అడుగు: ఏ పద్ధతి అన్నది తేల్చుకోండి

చాలా పరికరాలు తమ మ్యాక్ అడ్రస్‌తో ఐడీ కట్టుకుంటాయి. ప్రపంచంలో ఇంకొకటి అలాంటిది ఉండదు కదా అని అది బాగానే కనిపిస్తుంది. కానీ బాక్స్ మారిన రోజు ఐడీ కూడా మారిపోతుంది. ఐపీ అడ్రస్‌తో కట్టిన ఐడీ అంతకన్నా బలహీనం: మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌కు కొత్త అడ్రస్‌లు ఇచ్చిన రోజు ఐడీ ఒకటి, అడ్రస్ ఇంకొకటి అవుతాయి. పాత అడ్రస్ వేరే పరికరానికి వెళ్తే రెండు ఐడీలు ఒకటైపోయే ప్రమాదమూ ఉంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఇంజిన్ ఐడీ రహస్యం కాదు. మేనేజర్ (పరికరాలను అడిగే సర్వర్) మొదటిసారి పలకరించినప్పుడు ఖాళీ ఐడీతో, పాస్‌వర్డ్ లేకుండా ఒక ప్యాకెట్ పంపుతుంది. "నా ఐడీ ఇది" అని పరికరం జవాబిస్తుంది. ఈ పలకరింపు ఎవరైనా చేయవచ్చు. ఐడీలో మ్యాక్ అడ్రస్ ఉంటే అది బయటి వాళ్లకీ కనిపిస్తుంది, ఐపీ ఉంటే లోపలి అడ్రస్ కనిపిస్తుంది. హోస్ట్‌నేమ్ పెడితే ఆ పరికరం ఎక్కడ ఏం చేస్తోందో కూడా చెప్పేసినట్టే.

అందుకే నేను వాడేది మనం ఇచ్చిన బైట్ల పద్ధతి, అంటే 05. అందులో పెట్టేది ఇన్వెంటరీ నంబరు. ఉదాహరణకు సైట్ 12, పరికరం 347 అనుకోండి. సైట్‌కి నాలుగు అంకెలు, పరికరానికి నాలుగు అంకెలు:

80 00 00 09 05 00 12 03 47

చూడండి, 12ను హెక్స్‌లోకి మార్చలేదు. మామూలు అంకెలనే హెక్స్ గడుల్లో పెట్టేశాను. పరికరం దృష్టిలో అవి బైట్లు మాత్రమే, వాటి అర్థం దానికి అక్కర్లేదు. మనకు మాత్రం ఐడీ చూడగానే సైట్ 12, పరికరం 347 అని తెలిసిపోతుంది. ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు లేకపోవడంతో ఫోన్‌లో చదివి చెప్పేటప్పుడు బీ, డీ, ఈలు తారుమారవవు. అర్ధరాత్రి నిద్రకళ్లతో ఐడీ చదవాల్సి వచ్చినప్పుడు ఈ చిన్న ఏర్పాటు విలువ తెలుస్తుంది.

ఇన్వెంటరీ నంబరు ఎప్పుడూ మళ్లీ వాడకూడదు. పరికరం తీసేసినా ఆ నంబరు దానితోనే పోవాలి.

రెండో అడుగు: ఇప్పుడున్నవి రాసుకోండి

కొత్తవి పెట్టే ముందు ఇప్పుడున్న ఐడీలన్నీ ఒక పట్టికలో పెట్టండి. పైన చెప్పిన పాస్‌వర్డ్ లేని పలకరింపు ఇక్కడ మనకే ఉపయోగపడుతుంది. నెట్‌వర్క్‌ను స్కాన్ చేసే ఎన్‌మ్యాప్‌లో ఎస్ఎన్ఎంపీ-ఇన్ఫో అనే స్క్రిప్ట్ యూడీపీ 161 మీద అడిగి, ఐడీని, దాని రకాన్ని, ఇంజిన్ ఎన్నిసార్లు మొదలైందో, ఎంతసేపటిగా నడుస్తోందో చెబుతుంది. మీ సొంత నెట్‌వర్క్ మీద, అనుమతి తీసుకున్నాకే నడపండి. వచ్చిన ఐడీలను వరుసలో పెట్టి, ఒకటికి రెండుసార్లు కనిపిస్తున్నవి వెతకండి. వర్చువల్ సర్వర్లు ఎక్కువగా ఉన్న చోట ఒక్క జోడైనా దొరకడం మామూలే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మూడో అడుగు: రౌటర్లు, స్విచ్‌లు

సిస్కో ఐఓఎస్‌లో కాన్ఫిగరేషన్ మోడ్‌లోకి వెళ్లి మొదట ఇది:

ఎస్ఎన్ఎంపీ-సర్వర్ ఇంజిన్ఐడీ లోకల్ 800000090500120347

తర్వాత గ్రూపు:

ఎస్ఎన్ఎంపీ-సర్వర్ గ్రూప్ ఎన్ఎంఎస్‌గ్రూప్ వీ3 ప్రివ్

ఆఖరున యూజర్:

ఎస్ఎన్ఎంపీ-సర్వర్ యూజర్ పోలర్ ఎన్ఎంఎస్‌గ్రూప్ వీ3 ఆథ్ షా (పాస్‌వర్డ్) ప్రివ్ ఏఈఎస్ 128 (ఇంకో పాస్‌వర్డ్)

ఇందులో పోలర్ అన్నది యూజర్ పేరు, షా హ్యాష్ పద్ధతి, ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి. రెండు పాస్‌వర్డ్‌లూ వేర్వేరుగా పెట్టండి. ప్రమాణం అడిగే కనీసం 8 అక్షరాలు. నా మాట వింటే అంతకు రెండింతలు పెట్టండి. ఐడీ బయటికి కనిపిస్తుంది కాబట్టి, ఒక ప్యాకెట్ పట్టుకున్నవాడు తీరిగ్గా తన కంప్యూటర్‌లోనే పాస్‌వర్డ్‌లు ఊహించి చూడగలడు. అక్కడ మనల్ని కాపాడేది పొడవే.

ఆ తర్వాత షో ఎస్ఎన్ఎంపీ ఇంజిన్ఐడీ అని కొట్టి, అది చూపించేదాన్ని అక్షరం పొల్లుపోకుండా పట్టికలో రాయండి. మీరు కొట్టింది కాదు, అది చూపించింది రాయాలి. ఎందుకంటే పాత ఐఓఎస్ వెర్షన్లు పొట్టిగా ఇచ్చిన ఐడీకి వెనక సున్నాలు చేర్చి 24 అంకెలు చేసుకుంటాయి.

యూజర్ లైన్ రన్నింగ్ కాన్ఫిగ్‌లో కనిపించదు. పోయిందేమోనని కంగారుపడి మళ్లీ మళ్లీ కొట్టకండి, షో ఎస్ఎన్ఎంపీ యూజర్‌లో ఉంటుంది. ఇంజిన్ ఐడీ మాత్రం మీరు చేత్తో పెడితే కాన్ఫిగ్‌లో కనిపిస్తుంది. కాబట్టి కాన్ఫిగ్ బ్యాకప్‌లో ఐడీ వస్తుంది, యూజర్లు రారు. ఈ తేడా గుర్తుంచుకోండి.

జునిపర్‌లో సెట్ ఎస్ఎన్ఎంపీ ఇంజిన్-ఐడీ లోకల్ అని ఇచ్చి, వెంటనే కమిట్ చేయండి. ఐడీ, యూజర్లు కలిపి ఒకే కమిట్‌లో పెట్టడానికి చేయి లాగుతుంది, ఆగండి. ఐడీ కమిట్ కాకముందు పాస్‌వర్డ్ ఇస్తే కీ పాత ఐడీతో తయారవుతుంది. కమిట్ అయ్యాకే యూజర్లు. ఒక జునిపర్ పెట్టెలోని యూజర్ లైన్లు ఇంకోదానికి కాపీ చేస్తే పనిచేయకపోవడానికీ కారణం ఇదే: ఆ లైన్లలో ఉన్నది పాస్‌వర్డ్ కాదు, మొదటి పెట్టె ఐడీతో కలిసిపోయిన కీ.

నాలుగో అడుగు: లినక్స్ సర్వర్లు

నెట్-ఎస్ఎన్ఎంపీకి రెండు ఫైళ్లుంటాయి. రెండింటి పేరూ ఎస్ఎన్ఎంపీడీ.కాన్ఫ్. మీరు రాసేది ఈటీసీ కింద ఎస్ఎన్ఎంపీ డైరెక్టరీలో ఉంటుంది. అది తన కోసం రాసుకునేది వార్, లిబ్ కింద ఉంటుంది: డెబియన్‌లో ఎస్ఎన్ఎంపీ డైరెక్టరీ, రెడ్‌హ్యాట్‌లో నెట్-ఎస్ఎన్ఎంపీ డైరెక్టరీ. ఈ రెండోదాన్ని సొంత ఫైలు అందాం. అసలు కథంతా అందులోనే నడుస్తుంది.

మీరు ఏమీ చెప్పకపోతే సర్వీస్ మొదటిసారి లేచినప్పుడు ఒక యాదృచ్ఛిక సంఖ్యను, అప్పటి సమయాన్ని కలిపి ఐడీ కట్టుకుని, సొంత ఫైల్లో ఓల్డ్‌ఇంజిన్ఐడీ అనే లైన్‌గా రాసుకుంటుంది. యూజర్లను కూడా అక్కడే యూఎస్ఎంయూజర్ లైన్లుగా దాచుకుంటుంది. ఆ లైన్లలో ఇంజిన్ ఐడీ, దానితో తయారైన కీ రెండూ ఉంటాయి.

మన ఐడీ పెట్టాలంటే ఇలా చేయండి. మొదట సర్వీస్ ఆపండి. నడుస్తుండగా సొంత ఫైలు మార్చి లాభం లేదు, ఆగేటప్పుడు తన దగ్గరున్నది దానిమీద రాసేస్తుంది. ఆపాక సొంత ఫైల్లోంచి ఓల్డ్‌ఇంజిన్ఐడీ లైన్‌ను, పాత యూఎస్ఎంయూజర్ లైన్లను తీసేయండి. ఈటీసీ ఫైల్లో ఒక లైన్ చేర్చండి:

ఇంజిన్ఐడీ 00120347

సొంత ఫైల్లో ఇంకో లైన్:

క్రియేట్‌యూజర్ పోలర్ షా (పాస్‌వర్డ్) ఏఈఎస్ (ఇంకో పాస్‌వర్డ్)

ఈ యూజర్‌కు చూసే హక్కు ఇచ్చే లైన్ ఈటీసీ ఫైల్లో ఉండాలి: ఆర్ఓయూజర్ పోలర్ ప్రివ్. ఇప్పుడు సర్వీస్ లేపండి. క్రియేట్‌యూజర్ లైన్ మాయమై దాని స్థానంలో యూఎస్ఎంయూజర్ లైన్ వస్తుంది. అంటే మీ పాస్‌వర్డ్ ఇక ఫైల్లో లేదు. క్రియేట్‌యూజర్‌ను ఈటీసీ ఫైల్లో పెట్టినా పని జరుగుతుంది గానీ, పాస్‌వర్డ్ అక్కడే, ఆ ఫైలు చదవగలిగినవాళ్లకు కనబడుతూ ఉండిపోతుంది.

ఇక్కడ ఐడీ రూపం కొంచెం వేరు. నెట్-ఎస్ఎన్ఎంపీ మీరిచ్చినదాన్ని అక్షరాలుగా తీసుకుంటుంది, అంటే 04 పద్ధతి. 0 అన్న అక్షరం 30 అవుతుంది, 1 అన్నది 31. కాబట్టి వచ్చే ఐడీ ఇది:

80 00 1ఎఫ్ 88 04 30 30 31 32 30 33 34 37

చూశారా, 3లు పక్కకు నెడితే మీ నంబరే.

అయిదో అడుగు: బయటి నుంచి సరిచూడండి

పరికరం లోపల చూసింది చాలదు, మేనేజర్ ఉన్న చోటు నుంచి అడగాలి. ఆదేశంలోనే పాస్‌వర్డ్‌లు రాయకండి, అవి షెల్ హిస్టరీలోనూ, ప్రాసెస్‌ల జాబితాలోనూ కనిపిస్తాయి. మీ హోమ్ డైరెక్టరీలో .ఎస్ఎన్ఎంపీ అనే డైరెక్టరీలో ఎస్ఎన్ఎంపీ.కాన్ఫ్ పెట్టి, యూజర్ వివరాలు అందులో రాసి, మీరు తప్ప ఇంకెవరూ చదవలేని అనుమతులు ఇవ్వండి. ఆపైన ఆదేశం ఇంతే:

ఎస్ఎన్ఎంపీగెట్ 192.0.2.21 1.3.6.1.6.3.10.2.1.1.0

ఇందులో మొదటిది పరికరం అడ్రస్, రెండోది ఐడీ ఉండే చోటు. జవాబుగా హెక్స్‌లో ఐడీ వస్తుంది. దాన్ని పట్టికతో పోల్చండి. చివరి రెండు అంకెలను 2.0 చేస్తే ఇంజిన్ ఎన్నిసార్లు మొదలైందో, 3.0 చేస్తే మొదలై ఎన్ని సెకన్లయిందో వస్తుంది. కొన్ని డెబియన్ సర్వర్లలో అలాంటి ఆబ్జెక్ట్ లేదు అని జవాబు రావచ్చు. అది ఐడీ తప్పు కాదు: అక్కడ ముందుగా ఇచ్చే వ్యూ చాలా ఇరుకైనది, సిస్టమ్ వివరాలు మాత్రమే చూడనిస్తుంది. వ్యూలో 1.3.6.1.6.3.10 కూడా చేర్చండి.

ట్రాప్‌లు: ఎవరి ఐడీ కావాలి?

అందరూ తికమకపడేది ఇక్కడే. మేనేజర్ అడిగి పరికరం జవాబిచ్చేటప్పుడు పరికరం ఐడీయే లెక్క. ట్రాప్ (ఎవరూ అడగకుండానే పరికరం పంపే హెచ్చరిక) విషయంలోనూ అంతే: పంపేది పరికరం, ఐడీ పరికరానిదే. కానీ అందుకునే సర్వర్ వెనక్కి తిరిగి అడగదు కాబట్టి, ఆ ఐడీ దానికి ముందే తెలిసి ఉండాలి. నెట్-ఎస్ఎన్ఎంపీ ట్రాప్ సర్వర్ అయితే ఒక్కో పరికరానికి ఒక లైన్ రాయాలి:

క్రియేట్‌యూజర్ -ఇ 0ఎక్స్800000090500120347 ట్రాపర్ షా (పాస్‌వర్డ్) ఏఈఎస్ (పాస్‌వర్డ్)

ఇక్కడ ఇ అన్నది ఇంగ్లీషు చిన్న అక్షరం. దీంతోపాటు ఆథ్‌యూజర్ లాగ్ ట్రాపర్ అన్న లైన్ కూడా ఉండాలి. ఇ భాగం వదిలేస్తే ఎర్రర్ ఏమీ రాదు, ట్రాప్ వచ్చి పడుతుంది, సర్వర్ దాన్ని నిశ్శబ్దంగా పారేస్తుంది. ప్యాకెట్ క్యాప్చర్‌లో 162 మీద ప్యాకెట్ కనిపిస్తూ లాగ్‌లో ఏమీ లేకపోతే మొదట అనుమానించాల్సింది ఈ లైన్‌నే. మనం ఊహించగల ఐడీ పెట్టుకోవడం ఇక్కడ కలిసొస్తుంది: ఇన్వెంటరీ పట్టికలోంచి ఈ లైన్లన్నీ ఒక చిన్న స్క్రిప్ట్‌తో రాసేయవచ్చు, పరికరాల దగ్గరికి వెళ్లనక్కర్లేదు.

ఇన్‌ఫార్మ్‌ది దీనికి తలకిందులు. ఇన్‌ఫార్మ్ పంపిన పరికరం, అందిందన్న జవాబు కోసం ఎదురుచూస్తుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది అందుకునే సర్వర్ ఐడీ. కాబట్టి పరికరంలో సర్వర్ ఐడీని చెప్పాలి. సిస్కోలో ఎస్ఎన్ఎంపీ-సర్వర్ ఇంజిన్ఐడీ రిమోట్ 192.0.2.10 అని రాసి ఆ వెనక సర్వర్ ఐడీ ఇవ్వాలి. ఆ తర్వాతే రిమోట్ 192.0.2.10 అని చేర్చిన యూజర్ లైన్. ముందు యూజర్ కొడితే పరికరం తీసుకోదు.

పరికరాలు వందల్లో ఉండి, అందుకునే సర్వర్లు ఒకటో రెండో అయితే ఇన్‌ఫార్మ్ నిర్వహణ తేలిక. అయితే జవాబు వచ్చేదాకా పరికరం దాన్ని మెమరీలో పట్టుకుని కూర్చోవాలి. చిన్న స్విచ్‌లకు ట్రాపే నయం.

కాపీ తీసిన సర్వర్లు

ఒక చోట పనిచేస్తున్నప్పుడు ఒకే మూసలోంచి లేపిన రెండు సర్వర్లలో ఒకదాని గ్రాఫ్ ఆగిపోయింది. చేత్తో ఎస్ఎన్ఎంపీగెట్ కొడితే హాయిగా జవాబిస్తోంది. మానిటరింగ్ మాత్రం పలకడం లేదంటోంది. మానిటరింగ్ సర్వీస్‌ను రీస్టార్ట్ చేస్తే కాసేపు గ్రాఫ్ వచ్చి మళ్లీ పోయేది. ఫైర్‌వాల్, పాస్‌వర్డ్, గడియారం అన్నీ చూశాం. చివరికి ఆ సర్వర్‌ను వరుసగా కొన్నిసార్లు రీబూట్ చేశాక అది లేచింది, రెండోది ఆగిపోయింది! అప్పుడు అర్థమైంది, రెండింటి ఐడీ ఒకటేనని.

లోపల జరిగేది ఇది. మేనేజర్ ఒక్కో ఐడీకి రెండు అంకెలు గుర్తుపెట్టుకుంటుంది: ఆ ఇంజిన్ ఎన్నిసార్లు మొదలైంది, మొదలై ఎన్ని సెకన్లయింది. మొదటి సర్వర్ 7 సార్లు మొదలైంది, రెండోది 3 సార్లు అనుకోండి. మొదటిదానితో మాట్లాడి 7 అని రాసుకున్న మేనేజర్, రెండోదాన్ని కూడా 7 అంటూ పలకరిస్తుంది. "నాది 3" అని అది తిప్పికొడుతుంది. మేనేజర్ మాత్రం తన అంకెను పైకే తప్ప కిందికి దించదు, ఎందుకంటే పాత ప్యాకెట్లను మళ్లీ ఆడించే మోసాన్ని ఆపేది ఆ నియమమే. దాంతో ఎక్కువసార్లు రీబూట్ అయినదే గెలుస్తుంది. చేత్తో కొట్టిన ఆదేశం ప్రతిసారీ కొత్తగా పరిచయం చేసుకుంటుంది కాబట్టి దానికి ఈ చిక్కు లేదు.

గడియారం మీద సమయం పోగొట్టుకోకండి. ఎర్రర్‌లో టైమ్ విండో అని ఉంటుంది, 150 సెకన్ల హద్దు అని చదువుతాం, చేయి ఎన్‌టీపీ (గడియారాలు సరిచేసే పద్ధతి) మీదికి పోతుంది. ఆ సమయం గోడ గడియారానిది కాదు, ఇంజిన్ మొదలైన దగ్గర్నుంచి లెక్కపెట్టిన సెకన్లు. ఎన్‌టీపీ ఎంత సరిచేసినా ఇది మారదు.

మూసను మూసేసే ముందు సర్వీస్ ఆపి, సొంత ఫైలును తీసేయండి. ఈటీసీ ఫైల్లో ఇంజిన్ఐడీ లైన్ ఉంటే అదీ తీసేయాలి, లేకపోతే అదే కాపీ అవుతుంది. కొత్త సర్వర్ మొదటిసారి లేచేటప్పుడు దాని ఇన్వెంటరీ నంబరుతో ఐడీ, ఆపైన యూజర్ పడేలా స్క్రిప్ట్ పెట్టండి. ఇప్పటికే ఒకే ఐడీతో నడుస్తున్నవి ఉంటే, నాలుగో అడుగు ఒక్కోదాని మీదా చేయాల్సిందే.

పలకనప్పుడు ఏ లెక్క చూడాలి

పరికరం తనకు నచ్చని ప్యాకెట్లను ఆరు రకాలుగా లెక్కపెడుతుంది. అవన్నీ 1.3.6.1.6.3.15.1.1 కింద ఉంటాయి. మనకు కావలసినవి నాలుగు.

3.0 పెరుగుతుంటే యూజర్ పేరు తెలియదని అర్థం. లినక్స్‌లో యూజర్‌ను పెట్టాక ఐడీ మారిస్తే ఇదే పెరుగుతుంది: యూఎస్ఎంయూజర్ లైన్ ఉంది, కానీ అది పాత ఐడీ కింద ఉంది.

5.0 పెరిగితే కీ కలవలేదు. పాస్‌వర్డ్ తప్పు కావచ్చు, ఒకవైపు షా ఇంకోవైపు ఎండీ5 కావచ్చు, ఐడీ మారాక యూజర్‌ను మళ్లీ పెట్టకపోవడం కావచ్చు.

2.0 టైమ్ విండోది. పరికరం రీబూట్ అయినప్పుడు ఒకటి రెండు పెరగడం మామూలే. ఆగకుండా పెరుగుతుంటే ఐడీ జంటను వెతకండి.

4.0 తెలియని ఐడీ. ఇది పెరగడం చూసి భయపడకండి. ఎవరు కొత్తగా పరిచయం చేసుకున్నా పెరుగుతుంది, అది దాని సహజం.

బాక్స్ మారిన రోజు

పాత రౌటర్ పోయి కొత్తది వచ్చింది. ఐడీ మనం ఇచ్చిందే కాబట్టి కాన్ఫిగ్ బ్యాకప్ ఎక్కించగానే అదే ఐడీ వచ్చేస్తుంది. ట్రాప్ సర్వర్‌లో లైన్ మార్చే పని లేదు. యూజర్లను మాత్రం మళ్లీ చేత్తో పెట్టాలి, బ్యాకప్‌లో లేరు కదా.

కానీ కొత్త బాక్స్ ఒకటో రెండోసార్లు మాత్రమే మొదలై ఉంటుంది. మేనేజర్ దగ్గర పాత బాక్స్ అంకె, 40 అనుకోండి, అలాగే ఉంది. పైన చెప్పిన నియమమే ఇక్కడా అడ్డుపడుతుంది. మేనేజర్‌లో ఆ పరికరం పాత వివరాలు తుడిచేయండి, లేదా పోలింగ్ సర్వీస్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. ట్రాప్ సర్వర్‌కీ అంతే.

ఆ పని చేసేటప్పుడే ఆ పరికరం పాస్‌వర్డ్‌లు కూడా మార్చేయండి. అదే ఐడీ, అదే పాస్‌వర్డ్, లెక్క మాత్రం మళ్లీ మొదటి నుంచి అంటే, ఎవరైనా ఎప్పుడో పట్టి దాచుకున్న పాత ప్యాకెట్‌లోని అంకెలు ఏదో ఒక రోజు కొత్త బాక్స్ అంకెలతో సరిపోవచ్చు. పాస్‌వర్డ్ మారితే కీ మారుతుంది, దాచుకున్న ఆ ప్యాకెట్లు ఇక దేనికీ పనికిరావు. తీసేసిన పాత బాక్స్‌ను పంపించే ముందు దాని కాన్ఫిగ్ మొత్తం చెరిపేయండి, లోపలి కీలు ఇంకా అందులోనే ఉంటాయి.